‘ఆగుతది’ అన్న మాట పట్టుకుని మూడూళ్లు

బయలుదేరే ముందు

జనగామ, మహబూబాబాద్, మొగుళ్లపల్లి వెళ్లొచ్చానంటే మా తెనాలిలో అందరూ ఒకటే అడిగారు, అక్కడ చూడ్డానికేముందని. ఒక బియ్యం మిల్లు, ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ, కోడిగుడ్లు పొదిగించే ఒక రేకుల షెడ్డు చూశానని చెప్పాను. మా పెద్దత్తయ్య నావంక జాలిగా చూసి, "దానికి కాశీ వెళ్లిరాకూడదూ?" అంది. ఆవిడకి అప్పుడు చెప్పలేకపోయినదంతా ఇప్పుడు రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో డిజైన్ పని చేస్తాను. కరెంటు పోయినప్పుడు ఫ్యాక్టరీలో యంత్రాలు నిలిచిపోకుండా బ్యాటరీల మీద కాసేపు నడిపించే పెట్టెలు మావి. బూడిదరంగులో మనిషెత్తు ఉంటాయి. మా ఇంట్లో వాటిని సుజాత బీరువాలంటారు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత నేనూ బీరువాలనే అనడం మొదలుపెట్టాను.

బీరువా గీయడంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒక్కటే, ఎంతసేపు అని. బ్యాటరీలు ఎక్కువ పెడితే దండగ, తక్కువ పెడితే బీరువా ఉన్నా లేనట్టే. అందుకే మా ఆఫీసులో అమ్మకాలు చూసే ప్రసాద్ గారు కొనేవాళ్లకి ఫోన్ చేసి, "కరెంటు పోతే మీ దగ్గర ఎంతసేపు ఆగుతుందండీ?" అని అడుగుతారు. జనగామ మిల్లు నుంచి పావుగంట అన్నారు. మహబూబాబాద్ కోల్డ్ స్టోరేజీ నుంచి పూటంతా ఆగుతది అన్నారు. భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి కోడిపిల్లల షెడ్డు నుంచి రజియా అనే ఆమె, "అస్సలు ఆగది" అంది. ఆ లెక్కనే నేను మూడు బీరువాలు గీశాను. జనగామకి పావుగంటది, మహబూబాబాద్‌కి మా చరిత్రలోనే పెద్దది, మొగుళ్లపల్లికి అన్నిటికంటే చిన్నది. అక్కడ కరెంటు అసలు ఆగనే ఆగదు కదా!

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. జనగామాయన బీరువా తన మీద పగబట్టిందన్నాడు. మహబూబాబాద్ ఆయన ఇంత పెద్దది ఎందుకు పంపారని అడిగాడు. రజియా మాత్రం బీరువా ఇంకా చేరకముందే రోజూ ఫోన్ చేసేది.

"మేడం, మంచిది పంపుతున్నరు గదా? పోయినసారి కరెంట్ పోయి పిల్లలన్ని సచ్చిపోయినయ్. గవి ఊరి ఆడోళ్ల గుడ్లు. ఈసారి గూడ గట్లయితే మల్ల నాకు గుడ్డు ఇచ్చేటోళ్లు ఉండరు."

కరెంటు ఆగనే ఆగదన్న మనిషికి కరెంటంటే ఇంత భయమేమిటో నాకు అర్థం కాలేదు. "ఆవిడకి కంగారెక్కువండీ," అన్నారు ప్రసాద్ గారు. కంగారు ఎక్కువున్న మనుషుల ఇంట్లోనే పుట్టిపెరిగాను కాబట్టి ఆ మాట నాకు నచ్చలేదు. వెళ్లి చూసొస్తానని మా ప్రొప్రైటరు గారిని అడిగి బయలుదేరాను.

జనగామ

మిల్లు యజమాని ఉప్పలయ్య గారు నన్ను చూడగానే, కుర్చీ కూడా చూపించకుండా, "గా బీరువ గీసింది మీరేనా?" అన్నారు. అవునన్నాను. "రాండ్రి, మీ కండ్లతోని మీరే సూద్దురుగాని," అంటూ లోపలికి తీసుకెళ్లారు.

ఆ మిల్లులో బియ్యం రంగు చూసే యంత్రం ఒకటుంది. జారే గింజల్లో నల్లదాన్ని కెమెరాతో పట్టుకుని గాలితో ఊది అవతల పారేస్తుంది. కరెంటు చిటికెసేపు పోయినా దానికి మతిపోతుంది, మళ్లీ మొదటినుంచి నేర్చుకుంటుంది. దాని కోసమే మా బీరువా. నేను నిలబడి చూస్తుండగానే మెయిన్ తీసేశారు. బీరువా చక్కగా అందుకుంది. ఉప్పలయ్య గారు స్టూలు మీద కూర్చుని చాయ్ తెప్పించారు. నాకూ ఒకటి. మా విజయవాడ టీలో సగమే ఉంటుంది గ్లాసు, చక్కెర మాత్రం రెండింతలు. చాయ్ అయింది, లైన్‌మన్‌కి ఫోన్ అయింది, కోడలి సీమంతం కబుర్లయ్యాయి. ఆయన తాపీగా లేచి జనరేటరు దగ్గరికి నడిచారు. సరిగ్గా ఆయన తాళం తిప్పే వేళకి బీరువా కూయి కూయిమని ఆరిపోయింది. జనరేటరు అందుకునే లోపు రంగు యంత్రం మతి పోగొట్టుకుంది.

"సూసిండ్రా? నేను లేసేటాళ్లకు గది పండుకుంటది. నేనేం పాపం జేసిన దానికి?"

"కరెంటు పావుగంట ఆగుతుందని మీరే కదండీ చెప్పారు?"

"కరెంట్ ఎంతసేపు పోతదో నాకేం ఎరుక మేడం? పావుగంట నేను ఆగుత అన్న. అప్పటికి రాకుంటే జనరేటర్ పెడ్త అన్న."

నేను తెల్లబోయాను. అంటే ఆగేది ఈయన! ఈయన పావుగంట కాచుకుంటాడు, నేను దానికి సరిగ్గా పావుగంట బ్యాటరీ ఇచ్చాను. ఇద్దరం ఒకే క్షణాన కరెంటుని చేతులు మార్చుకోబోయి మధ్యలో గింజల్ని వదిలేస్తున్నాం. "అయితే కాస్త ముందే లేవండి," అన్నాను. ఆయన నావంక చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "మరి చాయ్ ఎప్పుడు తాగాలె?"

బ్యాటరీలు కొన్ని పెంచుతానని ఒప్పుకున్నాను. ఎవరో ఒకరు అలవాటు మార్చుకోవాలంటే బీరువాయే మార్చుకోవాలి.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. ఆయన భార్య లక్ష్మక్క వడ్డిస్తూ, "పుంటికూర తింటరా?" అంది. మా వైపు ఆ కూర లేదండీ, ఎప్పుడూ తినలేదు, కొంచెమే వెయ్యండని మర్యాదగా చెప్పాను. ముద్ద నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, అది గోంగూర. గుంటూరు గాలి పీల్చి పెరిగినదాన్ని గోంగూరని ఎన్నడూ ఎరగనని చెప్పానంటే మా ఊళ్లో వెలేస్తారు. నిజం ఒప్పుకుని మూడుసార్లు వేయించుకున్నాను. లక్ష్మక్క పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

మానుకోట

రైల్లో పక్కన ఒక అవ్వ కూర్చుంది, ఒళ్లో సీతాఫలాల బుట్టతో. మహబూబాబాద్ వస్తే చెప్పమన్నాను. "మానుకోట కాడ చెప్త బిడ్డా," అంది. మానుకోట ముందు స్టేషను కాబోలు, అక్కడ నన్ను లేపుతుందన్నమాట అనుకుని నిశ్చింతగా కునుకు తీశాను.

"బిడ్డా, మానుకోట వచ్చింది, దిగు దిగు."

"ఇక్కడ కాదవ్వా, నేను మహబూబాబాద్‌లో దిగాలి."

"గదే బిడ్డా గిది!"

"ఏది?"

అవ్వ విసుక్కుని నా చెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కెళ్లింది. ప్లాట్‌ఫాం మీద పసుప్పచ్చ బోర్డు చూశాకే నమ్మకం కుదిరింది. ఒక ఊరికి రెండు పేర్లు. లక్ష్మక్క కట్టిచ్చిన సకినాల డబ్బా మాత్రం రైలుతో పాటు విజయవాడ వెళ్లిపోయింది.

కోల్డ్ స్టోరేజీ గేటు దాటగానే తుమ్ములు మొదలయ్యాయి. గాలి నిండా మిరపఘాటు. యజమాని సారంగపాణి గారికి ఆ ఘాటు తెలుస్తున్నట్టే లేదు, నా కళ్లనీళ్లు చూసి ఆయనకి ముచ్చటేసింది. "కొత్తల్లో అందరు ఏడుస్తరు మేడం," అన్నారు. మా బీరువా ఎక్కడుందని అడిగాను. ముందున్న మిర్చి సంచులు జరిపించి చూపించారు. అంత పెద్ద బీరువా గోడవారన స్విచ్చి ఆపేసి ఉంది, దాని తలమీద సంచులు, సంచులమీద ఒక పిల్లి. నాకు ఒళ్లు మండిపోయింది.

"దీన్ని వాడ్డమే లేదా?"

"దేనికి మేడం? గింత పెద్దది పంపిన్రు, పెండ్లి సామాను లెక్క. మాకు లైట్లకు, గ్యాస్ అలారంకు చిన్నదొకటి ఉంటే సాలు."

"పూటంతా ఆగుతుందని మీరే కదండీ అన్నారు!"

"అవ్, ఆగుతది."

"మరి కరెంటు పూటంతా ఆగిపోయే చోట..."

"కరెంట్ గాదు మేడం. పోతది, వస్తది, దాని ముచ్చట ఎందుకు? లోపటి సల్లదనం ఆగుతది. రాండ్రి."

జానెడు మందం తలుపు తీసి చలిగదిలోకి తోసినంత పనిచేశారు. లోపల కప్పుదాకా సంచులు, చెవులు నొప్పెట్టే చలి. తలుపు మూసి పెడితే కరెంటు లేకపోయినా ఆ చలి పూటంతా చెక్కుచెదరదట. మా వైపు అయితే నిలుస్తుంది అంటాం, తట్టుకుంటుంది అంటాం. ఈయన ఆగుతది అంటున్నాడు. ఆ మాట మాకు మాత్రం లేదా? ఆకలికి ఆగలేకపోతున్నాను అని నేను రోజూ ఆఫీసులో అంటూనే ఉంటాను. గిది, గది, గప్పుడు అన్న మాటలు అర్థం కావేమోనని దారిపొడుగునా చెవులు రిక్కించుకుని వచ్చాను. నాకు పుట్టుకతో వచ్చిన మాట దగ్గరే బోర్లాపడ్డాను.

అప్పుడు ఆ చలిలో నాకు చెమట పట్టింది. రజియా అన్న మాట గుర్తొచ్చింది. అస్సలు ఆగది. కరెంటు ఆగదని కాదు ఆమె అన్నది. పిల్లలు ఆగవని. కరెంటు లేకుండా క్షణం కూడా తట్టుకోలేవని. ఆ మనిషికి నేను ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న బీరువా గీసి పంపాను.

బయటికి పరిగెత్తి ఫోన్ చేశాను. "మిషిన్ వచ్చింది మేడం, నిన్ననే పెట్టిపోయిండ్రు," అంది రజియా సంబరంగా. "జర చిన్నగ ఉంది గని ముద్దుగున్నది. గుడ్లు రేపో ఎల్లుండో పగుల్తయ్."

సారంగపాణి గారు నా మొహం చూసి కుర్చీ తెప్పించారు, మంచినీళ్లిచ్చారు. విషయం చెప్పాను. ఆయన ఒక్క నిమిషం బీరువా వంక, దానిమీద పిల్లి వంక చూశారు.

"తీస్కపోండ్రి. నాకు జాగ కలిసొస్తది. గామె దగ్గరున్న చిన్నది నాకు పంపుండ్రి. పిల్లల ముచ్చట గదా."

మా ప్రొప్రైటరు గారికి ఫోన్ చేస్తే ఆయన మాత్రం చాలాసేపు తికమకపడ్డారు. "అంత పెద్దది కోళ్లకి, అంత చిన్నది కోల్డ్ స్టోరేజీకా? తలకిందులుగా లేదూ?" ఇప్పటిదాకా ఉన్నదే తలకిందులు, దాన్ని సరిచేస్తున్నానని చెప్పాను. ఆయనకి అర్థమయినట్టు లేదు, కాని సరేనన్నారు.

నెల్లికుదురు మీదుగా

సారంగపాణి గారి మిర్చి వ్యాన్‌లో బీరువాతో పాటు నేనూ ఎక్కాను. డ్రైవరు సోమన్న మాట్లాడే మనిషి కాదు. నెల్లికుదురులో ఆపి మక్కగారెలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొక్కజొన్నతో గారెలేమిటనుకున్నాను, ఒకటి తిన్నాక ఇన్నాళ్లూ మినపగారెల దగ్గరే ఎందుకు ఆగిపోయానా అనిపించింది. ఆగిపోయానా అనుకోగానే ఉలిక్కిపడ్డాను. ఆ రోజంతా అంతే, ఎవరు ఆగు అన్నా ఏ ఆగడమో తేల్చుకోకుండా ఉండలేకపోయాను.

పరకాల దాటాక సోమన్న ఒకచోట దారి అడిగాడు. "మొగుళ్లపల్లి తోవల జర ఆగి పో అన్నా, లారీ వస్తున్నది," అన్నాడు ఒకాయన. ఇది కాచుకునే ఆగడం. హమ్మయ్య, ఒకటి తెలిసింది.

మొగుళ్లపల్లి

ఊరి చివర రేకుల షెడ్డు. రజియా, ఆమె భర్త యాకూబ్ కలిసి నడుపుతారు. ఊళ్లో ఆడవాళ్లు నాటుకోడి గుడ్లు తెచ్చి ఇస్తారు. పొదిగించాక వచ్చిన పిల్లల్లో కొన్ని వీళ్లు ఉంచుకుని మిగతావి వాళ్లకి ఇచ్చేస్తారు. "గుడ్డు వాళ్లది, వేడి మాది," అంటుంది రజియా. మా వైపు గుడ్లు ఎవరూ ఇలా పొదగడానికి ఇవ్వగా చూడలేదు. ప్రతి గుడ్డు మీద సుద్దతోనో బొగ్గుతోనో ఎవరి గుర్తు వాళ్లది, ఒకటి చుక్క, ఒకటి అడ్డగీత, ఒకదానిమీద పువ్వు.

ముందు పెద్ద బీరువాని ఆరుబయటే స్విచ్చి వేసి చూద్దామన్నాను. అదే నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. లోపలి ఫ్యాన్ తిరగ్గానే మానుకోట మిరపపొడి అంతా భగ్గున బయటికి వచ్చింది. యాకూబ్, సోమన్న, చూడవచ్చిన ఆడవాళ్లు, నేను, అందరం వీధి పొడుగునా తుమ్ముకుంటూ పరిగెత్తాం. ఒక ముసలామె కళ్లు నలుపుకుంటూ, "గిది కరెంట్ మిషినా, కారం పట్టే గిర్నా?" అంది. అది లోపల పెట్టి వేసి ఉంటే గుడ్లలో పిల్లల గతి ఏమయ్యేదో! తడిగుడ్డలతో, బ్రష్‌లతో పొద్దువాలేదాకా తుడిచాం.

తీగలు కలుపుతూ రజియాని అడిగాను, "అస్సలు ఆగది అన్నావు కదా, ఏది ఆగదు?"

ఆమెకి నా ప్రశ్నే వింతగా ఉంది. "పిల్ల మేడం! గుడ్డయితే జర ఆగుతది, దాని వేడి దానికుంటది. పగిలేటప్పుడు పిల్లకు గాలి గావాలె. ఫ్యాన్ బందయితే ఆగది. పోయినసారి తలుపు తీసి సూస్తే అన్ని నోళ్లు తెరుసుకొని ఉన్నయ్." యాకూబ్ ఆమె వెనక నిలబడి నేలచూపులు చూశాడు.

నేను ముందు ఫ్యాన్లకి, తర్వాతే వేడికి బ్యాటరీ అందేలా తీగలు మార్చి కలిపాను. బీరువా గీసేటప్పుడు నేను ఎన్నడూ పిల్ల నోరు తెరుచుకోవడం గురించి ఆలోచించలేదు. ఆలోచించినవన్నీ ఆంపియర్లు, ఓల్టులు.

రాత్రి బగారన్నం, దాల్చా పెట్టారు. మా ఇంట్లో పప్పుకి మటన్ తగలనివ్వరు, ఇక్కడ రెండూ ఒకే గిన్నెలో స్నేహంగా ఉన్నాయి. కోడి మాత్రం వండలేదు. "పగిలే రోజులల్ల మేం తినం," అన్నాడు యాకూబ్.

మర్నాడంతా కరెంటు పోతుందేమోనని ఎదురుచూశాను. జీవితంలో మొదటిసారి కరెంటు పోవాలని కోరుకున్నాను, అది పోలేదు. పోనీ మెయిన్ తీసి చూద్దామా అంటే రజియా రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నక్కో మేడం, నక్కో! లోపట పగులుతున్నయ్." నిజమే, చెవి పెట్టి వింటే లోపలినుంచి సన్నగా టిక్కుటిక్కుమంటోంది. బీరువా పనిచేస్తుందో లేదో నాకే తెలియకుండా దాన్ని ఆమెకి వదిలిపెట్టి బయలుదేరాను. చిన్న బీరువా సోమన్న వ్యాన్‌లో మానుకోట వెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు రజియా, "అక్కా, గిది ఆగుతదా?" అంది. మేడం పోయి అక్క వచ్చిందని సంతోషించేంత స్థిమితం కూడా లేదు నాకు. తల ఊపాను. ఆ ఊపులో అవును ఎంతో కాదు ఎంతో నాకే తెలియదు.

విజయవాడ

వచ్చాక ప్రసాద్ గారిని కూర్చోబెట్టి, ఇకమీదట ఎంతసేపు ఆగుతుందని అడగొద్దని చెప్పాను. ఏమని అడగాలన్నారు. ఏది ఆగుతుంది, ఎవరు ఆగుతారు, ఆగకపోతే ఏమవుతుంది అని అడగమన్నాను. ఆయన "ఆగండి, ఆగండి," అన్నారు. ఆయనది ఏ ఆగడమో నేను అడగలేదు.

నాకు మాత్రం ధ్యాసంతా మొగుళ్లపల్లి మీదే. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే ఇంకా భయం వేసేది. నేనే చేద్దామంటే ధైర్యం చాలలేదు. చివరికి వచ్చిన రెండోనాడు పొద్దున్నే, పాలు పొయ్యిమీద పెట్టి ఉండగా రజియా ఫోన్ చేసింది. వెనక గోలగోలగా ఉంది, ఏమీ వినబడటం లేదు.

"అక్కా, నిన్న కరెంట్ పోయింది."

"అయ్యో! ఎంతసేపు?"

"ఆగింది అక్కా."

పాలు పొంగిపోతున్నాయి. నేను పొయ్యి ఆర్పలేదు. "రజియా, ఏది ఆగింది? సరిగ్గా చెప్పు తల్లీ, ఏది?"

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"ముందుగాల నా గుండె ఆగింది. మీ బీరువ ఆగింది. కరెంట్ వచ్చిందాక నేను తలుపు కాడ కూసొని ఆగిన."

"మరి పిల్లలు?"

ఆమె జవాబు చెప్పకుండా ఫోన్‌ని వాటి దగ్గర పెట్టింది. అప్పుడు తెలిసింది, ఇందాకటినుంచి నాకు ఏమీ వినబడనివ్వని ఆ గోలంతా వాటిదే.